ఎనభై దాటిన పద్యనాటక నటుడితో ఆరు గంటల సంభాషణ రికార్డు చేయాలి. ఎలా సిద్ధం కావాలి?

రేపల్లె రైలు:

గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక పెద్ద పద్యనాటక కళాకారుడు తన జీవితం గురించి తీరిగ్గా మాట్లాడటానికి ఒప్పుకున్నారు. వయసు ఎనభై దాటింది. కృష్ణుడు, అర్జునుడు, నక్షత్రకుడు వేషాలు దాదాపు యాభై ఏళ్లు కట్టారు. ఆయనవి పది నిమిషాల టీవీ ముక్కలు మూడో నాలుగో ఉన్నాయి కానీ అన్నిట్లోనూ అవే రెండు కథలు, అదే పద్యం, చివర్లో "యువతకు మీ సందేశం". అలా కాకుండా ఆయన పని ఏమిటో, ఎలా చేశారో మొత్తం ఐదారు గంటలు రావాలని ఆశ.

చేతిలో ఉన్నవి ఒక ఫోను, స్టాండు, సుమారు పదివేల రూపాయలు. ఎన్ని రోజులు కూర్చోవాలి? అలవాటైన కథల దగ్గరే ఆగిపోకుండా లోపలికి ఎలా తీసుకెళ్లాలి? సంవత్సరాలు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెబుతారట, వాటినేం చేయాలి? మాట్లాడుతూ మాట్లాడుతూ పద్యం ఎత్తుకుంటారు, అప్పుడు మైకులో శబ్దం పగిలిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

నల్లతెర:

ఆరు గంటలు కావాలంటే నాలుగైదు సార్లు కూర్చోవాలండి. ఒక్కోసారి గంటంబావు, మహా అయితే గంటన్నర. ఆ వయసులో గంటన్నర దాటాక గొంతు పోతుంది, జవాబులు పొట్టివవుతాయి, "అదేనయ్యా, అంతే" మొదలవుతుంది. టిఫినూ మందులూ అయ్యాక, ఉదయం తొమ్మిది ప్రాంతం మంచిది. ఒక్కో విడతకీ మధ్య కనీసం రెండు రోజులు వదలండి. మీరు వెళ్లిపోయాక రాత్రి పడుకున్నప్పుడే చాలా సంగతులు గుర్తుకొస్తాయి. అందుకే రెండో విడత నుంచి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మొన్న మనం మాట్లాడుకున్నాక ఇంకేమైనా తోచిందాండీ?"

వీటన్నిటికంటే ముందు, రికార్డరు లేకుండా ఒక అరగంట వెళ్లి రండి. కథలు వినడానికి కాదు, కాగితాలు చూడటానికి. పాత కరపత్రాలు, సన్మాన పత్రాలు, ఫోటోలు, షీల్డులు, ఆకాశవాణి కాంట్రాక్టు కాగితాలు. ప్రతి ఫోటోకూ పెన్సిల్‌తో వెనక ఒక నంబరు వేసి, ఫోనులో ఫోటో తీసుకోండి. కరపత్రం ఒక్కటి చాలు, ఊరు, తేదీ, కంట్రాక్టరు, పాత్రధారుల వరస, హార్మోనియం ఎవరిదీ అన్నీ దొరుకుతాయి. ఆ అరగంటలో ఆయన కథ మొదలుపెడితే మర్యాదగా ఆపండి: "ఇది రికార్డులో చెబుదురుగాని, అప్పటిదాకా దాచండి." ఆపకపోతే అసలు రోజున "మొన్న చెప్పాగా" అని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. ఒకసారి పూర్తిగా చెప్పిన కథ మళ్లీ అదే పుష్టితో రావడం అరుదు.

అలవాటైన కథల సంగతి. వాటిని అడ్డుకోవద్దు. మొదటి విడతలోనే పూర్తిగా చెప్పనివ్వండి. చెప్పే హక్కు ఆయనది, పైగా అది బయటికి వస్తేగాని మనసు ఖాళీ అవదు. అయ్యాక అదే రాత్రిని ఇంకో వైపు నుంచి అడగండి. ఆ పద్యానికి ఒన్స్‌మోర్ కొట్టినప్పుడు హార్మోనిస్టు ఏ పక్కన కూర్చున్నాడు? జనం నేల మీదా, బెంచీల మీదా? ఆ రాత్రి మీకు ముందు ఎవరు పాడి వెళ్లారు? తెల్లారాక ఊరికి ఎలా చేరారు? ఈ వివరాలు ఆయన ఎన్నడూ వల్లె వేసుకున్నవి కావు, కాబట్టి నిజంగా గుర్తు చేసుకోవాల్సి వస్తుంది. కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నారంటే మీరు సరైన చోట ఉన్నట్టే, నోరు మెదపకండి.

నా ఉద్దేశంలో ఈ మొత్తం పనికి ఆయువుపట్టు "ఒక రాత్రి". పుట్టుక, చదువు, గురువు, సన్మానం అనే వరసలో వెళ్తే వ్యాసం వస్తుంది, మనిషి రాడు. ఒక విడత పూర్తిగా ఒకే ఒక నాటకపు రాత్రికి ఇచ్చేయండి. బయానా ఎవరు తెచ్చేవారు, ఎంత ముందు? ట్రంకుపెట్టె ఎవరు మోసేవారు? కిరీటం సొంతమా, అద్దెదా? ముఖానికి ఏం పూసేవారు, తెల్లారి దేనితో కడిగేవారు? వేషం వేశాక తినేవారా? తెర ఎన్ని గంటలకు లేచేది? పెట్రోమాక్సు లైట్ల కింద, మైకు లేకుండా చివరి వరసకు పద్యం అందించడానికి నోరు ఎలా తెరిచేవారు, ఏ శ్రుతిలో పాడేవారు? మైకు వచ్చాక ఆ శ్రుతి దిగిందా? డబ్బు రాత్రే ఇచ్చేవారా, తెల్లారాకా?

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. కంట్రాక్టు నాటకాల్లో (కంట్రాక్టరు వేర్వేరు నటుల్ని పిలిపించి వేయించేవి) ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉంటారు కదా, పడక సీనుకు (అర్జున, దుర్యోధనులు సాయం కోరి వచ్చేది) ఒకరు, రాయబారానికి ఒకరు. ఈయన ఎన్నో కృష్ణుడు? ఎన్నేళ్లకు పడక సీను నుంచి రాయబారానికి వచ్చారు (లేదా అటు నుంచి ఇటు)? ఎవరు మారిస్తే వచ్చారు? ఈ ఒక్క ప్రశ్నలో పారితోషికం, హోదా, పోటీ, స్నేహం అన్నీ కదులుతాయి.

"మీ గురువుగారి గురించి చెప్పండి" అంటే స్తోత్రం వస్తుంది. "పద్యం తప్పు పాడితే గురువుగారు ఏం చేసేవారు? పుస్తకం చూసి నేర్చుకున్నారా, విని నోటికి ఎక్కించుకున్నారా?" అని అడగండి, మనిషి కనిపిస్తారు. ఒకేసారి రెండు ప్రశ్నలు వేయకండి, రెండోదానికే జవాబు వస్తుంది. జవాబు అయిపోయిందనిపించాక మనసులో ఐదు లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు మాట ఆ ఐదు తర్వాతే వస్తుంది. మధ్యలో "ఆహా", "అవునా అండీ" అనకుండా తల ఊపండి. మీ ఆహాలు ఆయన మాట మీద పడితే తర్వాత విడదీయలేరు.

అచ్చుతప్పు:

తేదీల గురించి నేను రాస్తాను. పైన చెప్పిన పద్ధతి బాగుంది, కానీ ఒక్కటి కలపాలి. ఆయన్ని "ఏ సంవత్సరం?" అని అడగడం దాదాపు మానేయండి. ఆ ప్రశ్న వేయగానే ఏదో ఒక అంకె చెప్పాల్సిన ఒత్తిడి వస్తుంది, చెప్పాక ఆ అంకెకే కట్టుబడతారు. దానికి బదులు పక్కన ఏం జరుగుతోందో అడగండి. పెళ్లయిందా అప్పటికి? పెద్దబ్బాయి పుట్టాడా? రేటు అణాల్లో మాట్లాడుకున్నారా, పైసల్లోనా?

అణాల విషయంలో జాగ్రత్త. కొత్త దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, కానీ అణాలు ఆ తర్వాతా కొన్నేళ్లు జనం చేతుల్లోనూ నోళ్లలోనూ ఉన్నాయి. కాబట్టి "అణా" అంటే 1957కి ముందే అని రాసేయకూడదు. "నయాపైసలు" అన్నారంటే మాత్రం ఆ తేదీ తర్వాతిదే అనుకోవచ్చు.

మీ ప్రాంతానికి గట్టి గుర్తు తుపాను. కానీ రెండున్నాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఇంకో పెద్ద తుపాను 1990 మే నెలలో. "తుపాను వచ్చిన ఏడాది" అనగానే 1977 అని రాసుకోకండి. "వరి చేలో ఉందా, ఎండాకాలమా?" అని అడిగితే రెండూ విడిపోతాయి. మిగతా మేకులు: ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1, జై ఆంధ్ర ఉద్యమం 1972 చివర, అత్యవసర పరిస్థితి 1975 జూన్ నుంచి 1977 మార్చి, రామారావు గారు ముఖ్యమంత్రి కావడం 1983 జనవరి. పుష్కరాలూ పనికొస్తాయి కానీ కృష్ణా పుష్కరమా, గోదావరి పుష్కరమా తేల్చుకోండి. గోదావరికి 1991, 2003, 2015 అయితే కృష్ణకు 1992, 2004, 2016. ఒక్క ఏడాదే తేడా, అందుకే కలిసిపోతాయి.

పుట్టిన తేదీ. ఆ తరం వారిలో చాలామందికి బడి రికార్డులో జూలై 1 అని ఉంటుంది, అది బడిలో చేర్చిన పంతులు గారు వేసింది. తెలుగు సంవత్సరం పేరు అడగండి, అదే నమ్మకం. చిత్రభాను అంటే 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు: చిత్రభాను పుష్యమాసం అంటే 1942 కాదు, అది 1943 జనవరిలో పడుతుంది. మాసం కూడా అడగాలి.

జిల్లా పేరు ఇంకో ఉచ్చు. ఆయన "గుంటూరు జిల్లా అంతా తిరిగాం" అంటే ఏ గుంటూరు జిల్లా? ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడింది, 1972లో ప్రకాశం అయింది. చీరాల 1970 దాకా గుంటూరులో, ఆ తర్వాత ప్రకాశంలో, 2022 నుంచి బాపట్లలో ఉంది. ఊరి పేరు, దగ్గర్లో పెద్ద ఊరు రాసుకోండి. జిల్లా మీరు తర్వాత కలపండి.

పెద్ద నటుల ప్రస్తావన వచ్చినప్పుడు కూడా సరిచూడాలి. ఉదాహరణకు స్థానం నరసింహారావు గారు 1971లో కాలం చేశారు. "అత్యవసర పరిస్థితి రోజుల్లో ఆయన్ని చూశాను" అంటే ఎక్కడో రెండు జ్ఞాపకాలు ముడిపడ్డాయి. అబద్ధం అని కాదు. చూసిన మాట నిజం, ఏడాది తప్పు. అలాగే హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది, విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న. అంతకు ముందు కోస్తాలో తెలుగు రేడియో అంటే ప్రధానంగా మద్రాసే.

తప్పు పట్టుకున్నాక అక్కడికక్కడే సరిదిద్దకండి. "కాదండీ, ఆయన అప్పటికే పోయారు" అన్నారంటే ఆ రోజుకి సంభాషణ ముగిసినట్టే, ఆ తర్వాత ప్రతి వాక్యానికీ ఆయన సంశయిస్తారు. నోటు పుస్తకంలో రాసుకుని తర్వాతి విడతలో కరపత్రమో ఫోటోనో ముందు పెట్టి, "ఇది అంతకు ముందుదా, తర్వాతదా?" అని అడగండి. ఎక్కువసార్లు ఆయనే సరిదిద్దుకుంటారు.

తంబురా:

ధ్వని.

ముందు ఫోను గురించి, ఎందుకంటే ఎక్కువ రికార్డింగులు చెడేది అక్కడే. ఫోనులో ఉండే మామూలు రికార్డింగు యాప్‌లు చాలావరకు రెండు పనులు మీకు చెప్పకుండా చేస్తాయి. ఒకటి, శబ్దం పెరిగితే తగ్గించి, తగ్గితే పెంచడం. పద్యం ఎత్తుకోగానే గొంతు నొక్కేసినట్టు అవుతుంది, ఆపగానే ఫ్యాను హోరు పైకి లేస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం: నేపథ్య శబ్దం తీసేయడం. ఒకే స్థాయిలో నిలబడి ఉండే శబ్దాన్ని అది హోరుగా లెక్కిస్తుంది. అంటే హార్మోనియం శ్రుతి, తంబురా నాదం, చివరి అక్షరం మీద పది సెకన్లు నిలిపిన రాగం, ఇవన్నీ దాని దృష్టిలో చెత్తే. ముక్కలు ముక్కలుగా తినేస్తుంది, తిరిగి తేలేం. సెట్టింగుల్లో ఆ రెండూ ఆపగలిగే యాప్ వాడండి, లేదా ఫోనును వీడియోకి మాత్రమే ఉంచి చిన్న రికార్డరు కొనండి.

మీ పదివేలలో రికార్డరు, కాలరు మైకు రెండూ చూసుకోవచ్చు. 32 బిట్ ఫ్లోట్ రికార్డరు దొరికితే మీ అవసరానికి అదే సరి, స్థాయి తప్పినా తర్వాత దింపుకోవచ్చు. (మైకులోనే శబ్దం పగిలితే మాత్రం ఏ బిట్లూ కాపాడవు.) మామూలు రికార్డరైతే వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒకే చానెల్. గంటకు సుమారు 520 ఎంబీ, ఆరు గంటలకు మూడు జీబీ పైచిలుకు. జాగా ఆదా చేద్దామని ఎంపీ3 పెట్టకండి.

స్థాయి పెట్టేటప్పుడు అందరూ చేసే తప్పు: "ఏదైనా మాట్లాడండి" అని, ఆ మాటకు సరిపెట్టడం. పద్యం మాటకంటే 15, 20 డెసిబెల్స్ పైకి పోవడం మామూలే. కాబట్టి మొదటి విడత మొదట్లోనే ఒక పద్యం పూర్తి గొంతుతో పాడించి, దాని శిఖరం మీటరు మీద మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టండి. మాట మైనస్ 25 దగ్గర పడుతుంది, సన్నగా అనిపిస్తుంది, ఫర్వాలేదు. 24 బిట్లలో దాన్ని తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన పద్యాన్ని ఎవరూ బాగుచేయలేరు. రికార్డరులో 12 డెసిబెల్స్ తక్కువగా రెండో కాపీ తీసే సదుపాయం ఉంటే తప్పకుండా వేయండి.

కాలరు మైకు గడ్డానికి ఒక జానెడు కింద. పెద్దాయన కండువా వేసుకుంటారు కదా, అది మైకు మీద రాసుకుంటే గరగరలు. కండువా లేని వైపు పెట్టి, వైరును ఒక మెలిక తిప్పి చొక్కాకు లోపల టేపు వేయండి. పద్యం కోసం అడుగున్నర దూరంలో, నోటి ఎత్తుకు కొంచెం పక్కగా రెండో మైకు ఉంటే మేలు. ఛాతీ మీది మైకు పద్యంలో ఛాతీ గుబగుబనే ఎక్కువ పట్టుకుంటుంది.

ఇంకో చిన్న విషయం, దీనివల్ల మొత్తం విడత పోయిన సందర్భాలు తరచూ వినిపిస్తాయి. ఫోను కోసం చేసిన కాలరు మైకు పిన్నుకు మూడు నల్ల గీతలు, రికార్డరు, కెమెరాలకు చేసినదానికి రెండు గీతలు. ఒకటి ఇంకోదానిలో నేరుగా పెడితే శబ్దం రాదు, లేదా బుసబుస వస్తుంది. బోయా ఎం1 లాంటి మైకుల్లో దీనికోసమే ఒక స్విచ్చు ఉంటుంది, కెమెరా వైపు పెట్టినప్పుడు లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ పని చేయాలి. స్విచ్చు ఎటుందో చూసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాకే ప్రశ్న మొదలుపెట్టండి. మీటరు కదులుతోంది కదా అని ఊరుకోకండి, బుసకు కూడా మీటరు కదులుతుంది.

గది. నాలుగు సిమెంటు గోడలు, పైన సీలింగు ఫ్యాను, ఇదీ మన ఇళ్లు. ఫ్యాను ఆపాలి. పెద్దాయనకు ఉక్కపోస్తుంటే స్టాండు ఫ్యానును రెండు మీటర్ల దూరంలో తక్కువ వేగంతో, గాలి కాళ్ల మీదికి పోయేలా పెట్టండి. ఎండాకాలమైతే నల్లతెర గారు చెప్పిన తొమ్మిది గంటలు కుదరదు, ఆరున్నర నుంచి ఎనిమిది లోపు ముగించండి. వెళ్లిన రోజే ఆ వేళకు గుడి మైకు ఉందేమో కనుక్కోండి. ఫ్రిజ్ ఆపుతారు కానీ ఇన్వర్టరు హమ్ము మర్చిపోతారు. మంచం మీద పరుపు, తలుపు మీద బొంత, బట్టల బీరువా తలుపు తెరిచి పెట్టడం, ఇవి ప్రతిధ్వనిని బాగా తగ్గిస్తాయి. విడత చివర అందరినీ మౌనంగా ఉండమని ముప్పై సెకన్లు ఖాళీ గది శబ్దం తీసుకోండి, కోతలు పడినచోట అతకడానికి.

ఆయన శ్రుతి పెట్టె పెట్టుకుని పాడతానంటే, పెట్టెను మైకుకు వెనక వైపు, ఆయన చెవికి దగ్గరగా. శ్రుతి ఎంతో (హార్మోనియం మెట్ల లెక్కలో) నోటితో చెప్పించండి: "నాలుగా, నాలుగున్నరా, ఐదా?" యాభై ఏళ్ల కిందట ఎంతలో పాడేవారో కూడా చెప్పించండి. పద్యనాటకం మీద తర్వాత ఎవరు పని చేసినా మొదట వెతికేది అదే.

రేపల్లె రైలు:

చాలా ఉపయోగం, ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంకో మూడు సందేహాలు. ఆయనకు కుడి చెవి సరిగా వినపడదు, ఎడమ చెవికి మిషను ఉంది. ఇంకోటి, వాళ్లబ్బాయి పక్కనే ఉండి ప్రతిదానికీ తానే జవాబు అందిస్తున్నారు. ప్రేమతోనే, కానీ పెద్దాయన ఆగిపోతున్నారు. పైగా ఫోనులో మాట్లాడినప్పుడు పాత నాటక సమాజంలోని ఒకరి గురించి ఘాటుగా అన్నారు. అలాంటివి రికార్డులో వస్తే?

నల్లతెర:

ఎడమ వైపు, మీటరు లోపు కూర్చోండి. అరవకండి, గొంతు కొంచెం దించి, ఒక్కో మాటా విడిగా. సన్నని గొంతుకంటే దించిన గొంతు బాగా అందుతుంది. మీ పెదాలు ఆయనకు కనిపించాలి, కాబట్టి కిటికీ మీ వెనక ఉండకూడదు. ప్రశ్నల్లోని పేర్లు, ఊళ్లు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చూపించండి. "తెనాలి" అన్నది ఇంకోలా వినిపించి పావుగంట వేరే ఊరి కథ నడవడం జరుగుతుంటుంది. మిషను కీచుమంటుంటే చెవిలో సరిగా కూర్చోలేదన్నమాట, ఇంట్లోవారితో సర్దించండి. ఆ కీచు కాలరు మైకులో స్పష్టంగా పడుతుంది.

అబ్బాయి గారికి పని అప్పగించండి. ఫోటోల నంబర్ల చిట్టా ఆయన చేతిలో పెట్టి, "మీకు గుర్తున్నవి ఇందులో రాయండి, చివరి విడత మీతో విడిగా చేద్దాం" అనండి. నిజంగానే చేయండి కూడా. తండ్రి నెలలో ఎన్ని రాత్రులు ఇంట్లో లేరో, ఇల్లు ఎలా గడిచిందో చెప్పగలిగింది ఇంట్లోవారే. అమ్మగారు ఉంటే ఆమెతో ఒక గంట తప్పనిసరి. నాటకాల డబ్బు ఎప్పుడొచ్చింది, ఏది తాకట్టు పెట్టారు, అవి ఆమెకు తెలుస్తాయి.

అచ్చుతప్పు:

ఘాటు మాటలు రికార్డులో ఉండనివ్వండి, బయటికి వదలడం వేరే సంగతి. మొదటి రోజే నోటితోనూ కాగితం మీదా అనుమతి తీసుకోండి. ఒక పేజీ చాలు, తెలుగులో, చదివి వినిపించి. ఏం రికార్డు చేస్తున్నారు, ఎక్కడ పెడతారు, ఏ భాగాన్నైనా ఆపమనే హక్కు ఆయనకుంది, పాడిన పద్యాలను విడిగా వాడాలంటే మళ్లీ అడుగుతాం. నాలుగో అంశం చాలామంది వదిలేస్తారు. సంభాషణకు ఒప్పుకున్నంత మాత్రాన పాటను ఇచ్చేసినట్టు కాదు. చివరి విడత అయ్యాక రాతప్రతి ఆయనకు చదివి వినిపించి, వద్దన్న చోట్ల గుర్తు పెట్టండి. బతికున్నవాళ్ల మీద, స్త్రీ పాత్రధారిణుల కులం మీద, కుటుంబాల మీద వచ్చిన మాటలు ఆయన సరే అన్నా మీరే ఆలోచించి ఆపాలి. వాళ్లు ఆ గదిలో లేరు.

రాతకు గంట రికార్డింగుకు ఆరేడు గంటలు పెట్టుకోండి. కంప్యూటరు తానే విని రాసే రాత మొదటి ప్రతికి పనికొస్తుంది కానీ ఆయన యాసను పత్రిక భాషలోకి మార్చేస్తుంది, పద్యాన్ని వచనం చేసేస్తుంది. "వొచ్చాడు", "ఏవఁన్నాడంటే" అన్నది అలాగే ఉంచండి.

పద్యం సరిగా విన్నారో లేదో తేల్చుకోవడానికి ఛందస్సే కొలబద్ద. పాదంలో అక్షరాలు లెక్కపెట్టండి. ఉత్పలమాల 20, చంపకమాల 21, శార్దూలం 19, మత్తేభం 20. యతి వరసగా 10, 11, 13, 14వ అక్షరం దగ్గర. ఒక అక్షరం తగ్గిందంటే మీరు ఏదో మింగేశారు. రాగంలో సాగదీసిన అచ్చు లెక్కలోకి రాదు. లెక్క సరిపోయి, మాట మాత్రం అచ్చు పుస్తకంలో ఉన్నదానికి వేరుగా ఉంటే సరిచేయకండి. స్టేజీ మీద తరాలుగా నడిచిన పాఠం అది కావచ్చు. పక్కన అచ్చు పాఠం రాసి, ఎవరి దగ్గర అలా నేర్చుకున్నారో తర్వాతి విడతలో అడగండి.

తంబురా:

ప్రతి విడత అయిన రోజు రాత్రే మూడు కాపీలు: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్నవారి దగ్గరో ఆన్‌లైన్‌లోనో. ఫైలు పేరులో తేదీ తిరగేసి పెట్టండి, 20250614-01 ఇలా, వరస దానంతటదే కుదురుతుంది. మూడూ తెరిచి, చివరి నిమిషం దాకా ప్లే అవుతున్నాయో లేదో విన్నాకే కార్డు చెరపండి.